ఇరవై మూడో మాట

పోయిన ఆదివారం ఖాజా చాచా మా ఇంటికి వచ్చాడు. మా బాపు పోయి నెల దాటింది. ఆయనా, ఖాజా చాచా గుండ్లపోచంపల్లిలో ఒక గోదాములో ఏళ్ళ తరబడి పక్కపక్కన మూటలు మోసినవాళ్ళు. బాపు పోయిన రోజుల్లో చాచా మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకుని మంచంలో ఉన్నాడట, రాలేకపోయాడు. ఇప్పుడు చేతికర్రతో ఆటోలో వచ్చి, నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. తరవాత చాయ్ తాగుతూ పాత రోజుల సంగతి ఒకటి చెప్పాడు. పాపం, నాకు తెలిసిన సంగతే అనుకుని, కాస్త నవ్వుకుందామని చెప్పాడు. నాకు తెలియదు. ఆ సంగతి రాయాలంటే ముందు మా ఇంటి గురించి, బాపు నడుము గురించి, నేను ఆయనకు నేర్పిన నలభై ఇంగ్లీషు మాటల గురించి రాయాలి. కొంపల్లిలో ఒక బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ, తీరిక దొరికితే కథలు రాసుకుంటూ బతుకుతున్న మనిషిని నేను. బాపు గురించి ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు. మూటలు మోసిన మనిషి గురించి రాయడానికి ఏముంటుందిలే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా మా ఇల్లు. రెండు గదులు, పైన రేకులు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలంతా ద్రాక్షతోటలు. బాపు పెళ్ళికి ముందు నుంచీ తోటపనే చేశాడు. నాకు ఊహ తెలిసేసరికి పందిళ్ళు పీకేసి, నేల చదును చేసి, ప్లాట్లకు తెల్ల రంగు వేసిన రాళ్ళు పాతారు. తోట పోయిన మనుషులందరూ ఎటు దొరికితే అటు పోయారు. కొందరు కోళ్ళఫారాలకు, కొందరు దుండిగల్ వైపు కట్టే కాలేజీల దగ్గరికి, బాపు గోదాముకు. సాయంత్రం షేర్ ఆటో దిగి వచ్చేవాడు. ఆయన చొక్కా తీసి దండెం మీద వేయగానే మా అవ్వ, అంటే బాపు వాళ్ళ అమ్మ, కూర్చున్న చోటు నుంచే వాసన పట్టేది. అవ్వకు చూపు సరిగా ఆనేది కాదు గానీ ముక్కు మాత్రం మహా చురుకు. “ఇయ్యాల సబ్బుల బండి ఒచ్చినట్టుందిరా,” అనేది. ఇంకో రోజు “చాయ్‌పత్తా కొడుకా?” అనేది. ఒక్కోసారి ముక్కు మూసుకుని “గిదేం మందురా నాయినా, మనుషులు తింటరా దీన్ని?” అని తిట్టేది. ఆ చొక్కా వాసనను బట్టి దేశంలో జనం ఏం కొంటున్నారో మా ఇంట్లో తెలిసిపోయేది. అందులో ఒక్కటీ మా ఇంటికి వచ్చేది కాదు, అది వేరే సంగతి.

కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్ళతో స్నానం చేసి, జొన్నరొట్టె తినకముందే బాపు చాప పరుచుకుని బోర్లా పడుకునేవాడు. “బిడ్డా, జర తొక్కు,” అనేవాడు. నేను కిటికీ ఊచ పట్టుకుని ఆయన నడుము మీదికి ఎక్కేదాన్ని. మాలాంటి ఇళ్ళలో పిల్లలకు ఇది రోజూ ఉండే పనే. నీళ్ళు తేవడం, ఆకిలి ఊడ్వడం, పెద్దవాళ్ళ నడుము తొక్కడం. మడమ ఎక్కడ ఆనించాలో, ఎక్కడ వేళ్ళతో నడవాలో నాకు బాగా తెలుసు. ఎనిమిదో తరగతిలో కూడా నేను పుల్లలాగే ఉండేదాన్ని కాబట్టి ఆ పని నా మీదే ఉండిపోయింది. నా కాళ్ళ కింద ఆయన ఊపిరి మెల్లగా వదలడం, ఎముకలు టకటకమనడం ఇప్పటికీ నా అరికాళ్ళకు తెలుస్తుంది. ఆ ఏడు మాత్రం ఎంత తొక్కినా ఆయనకు హాయి అనిపించలేదు. మేడ్చల్‌లో డాక్టరు చూసి, ఇక బరువు ఎత్తొద్దన్నాడు. బరువు ఎత్తొద్దని హమాలీకి చెప్పడమంటే ఇక ఇంట్లో కూర్చోమని చెప్పడమే. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

సరిగ్గా అప్పుడే గోదాములో చెకింగ్ చేసే పెద్దాయన మానేస్తున్నాడని తెలిసింది. లారీ దగ్గర ప్యాడ్ పట్టుకుని నిలబడి, పెట్టెల మీది రాతలు చూసి రాసుకునే పని ఆయనది. కొత్తగా వచ్చిన మేనేజరు సారు, హమాలీల్లో ఎవరికైనా నాలుగు ఇంగ్లీషు మాటలు వస్తే వాళ్ళకే ఆ పని ఇస్తానన్నాడట. బాపు ఆ రోజు ఆటో దిగి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“గా పని నాకొస్తే ఇగ మూట ఎత్తుడే ఉండదు. నిలవడి రాస్కునుడే,” అన్నాడు.

“నాలుగో తరగతి సదువుకు ప్యాడ్ ఇస్తరా?” అంది అమ్మ.

“మాటలే గదనే అడిగేది. ఆ చెకింగ్ పెద్దమనిషే చెప్పిండు, రిజిస్టర్ నిండ అన్ మాటలే ఉంటయంట. అన్‌ప్యాక్డ్, అన్‌సీల్డ్, గిట్ల. సారు గవే అడుగుతడంట. మన లత నేర్పుతది తియ్.”

లత అంటే నేను. ఆ మాట వినగానే నా తల ఎంత పెరిగిందో చెప్పలేను. క్లాసులో ఇంగ్లీషుకు నాదే మొదటి మార్కు. పైగా అవి తెలంగాణ ఉద్యమం రోజులు. వారానికి రెండు రోజులు బంద్, బడి లేదు, లారీలు లేవు. బాపు ఇంట్లో, నేను ఇంట్లో. గ్రామరు పుస్తకం వెనక పేజీల్లో ఒకే ముందుముక్కతో మొదలయ్యే మాటల పట్టికలు ఉండేవి. అందులో నుంచి కొన్ని, అంగడిలో సామాన్లు కట్టిచ్చిన ఇంగ్లీషు కాగితాల్లో నుంచి కొన్ని ఏరి, నలభై అన్ మాటలు లాంగ్ నోట్‌బుక్‌లో వరసగా నెంబర్లు వేసి రాశాను. ఎదురుగా తెలుగులో అర్థం. మాటకు ముందు అన్ వచ్చిందంటే అర్థం తిరగబడుతుందని, అన్ అంటే లేదు, కాదు, అంతేనని బాపుకు మొదటిరోజే గట్టిగా చెప్పాను.

ఎలా నేర్పాలన్నది కూడా నేనే కనిపెట్టాను. బాపుకు బడి నుంచి మిగిలిన ఆస్తి ఎక్కాలు. గోదాములో పెట్టెలు వరసకు పన్నెండు పేర్చితే పన్నెండో ఎక్కం, పదిహేను పేర్చితే పదిహేనో ఎక్కం. ఏడు వరసలు ఎన్ని అని అడిగితే పన్నెండొకట్ల దగ్గర మొదలుపెట్టి గబగబా ఏడు దాకా వచ్చి ఆగేవాడు. మధ్యలో దూకడం ఆయనకు తెలియదు, ఆ అవసరమూ రాలేదు. ఎదుటివాడు లెక్కల మిషను మీద నొక్కేలోపు ఆయన చెప్పేసేవాడు. అందుకని ఇంగ్లీషు మాటల్ని కూడా ఎక్కంలా రాగం కట్టాను. నేను నడుము మీద అడుగు వేస్తే ఆయన ఒక మాట చెప్పాలి. “ఒకటి అన్‌హ్యాపీ, సంతోషం లేదు. రెండు అన్‌లక్కీ, నసీబ్ లేదు. మూడు అన్‌ఫిట్, పనికిరాదు. నాలుగు అన్‌సేఫ్, పైలం లేదు. ఐదు అన్‌నోన్, ఎరుక లేదు.” తప్పితే మడమతో నొక్కేదాన్ని. మళ్ళీ ఒకటి నుంచి. అవ్వ మూలన కూర్చుని వక్క నూరుకుంటూ మమ్మల్ని ఏడిపించేది. “నాకు పండ్లు లెవ్వు గదనే లతా, నేను అన్‌పండ్లు ముసలిదాన్నా?” అని ఒకరోజు అడిగింది. అలా ప్రతి మాటకూ అన్ తగిలించకూడదని, కొన్నిటికే వస్తుందని నేను ముఖం గంటు పెట్టుకుని చెప్పబోతే, బాపు చాపలో ముఖం దాచుకుని నవ్వేసరికి నేను నడుము మీద నుంచి జారిపడ్డాను. మా ఇంట్లో అందరూ కలిసి నవ్విన రోజుల్లో నాకు బాగా గుర్తున్నది అదే. దాని తరవాత అలాంటివి ఎక్కువ లేవు.

బాపు తెలివిని నేను ఎప్పుడూ గుర్తించలేదు అనడానికి ఒక్క ఉదాహరణ చాలు. పంతొమ్మిదో మాట అన్‌టై, ముడి విప్పుడు. అక్కడ ఆయన ఆగాడు.

“బిడ్డా, అన్ అంటే లేదు అన్నవ్ గద. ఇది గట్ల లేదే. ముడి లేకపోవుడు వేరు, ఉన్న ముడి విప్పుడు వేరు. ఖాళీ లారీ వేరు, మేం దింపినంక ఖాళీ అయిన లారీ వేరు. రెండో దానికి మనిషి పని జెయ్యాలె.”

“పుస్తకంల గట్ల లేదు బాపూ. నువ్వు నడిమిట్ల మాట్లాడకు, లెక్క తప్పుతది. మళ్ళ ఒకటి కాంచి చెప్పు.”

ఆయన మళ్ళీ ఒకటి దగ్గర మొదలుపెట్టాడు. ఎన్నో ఏళ్ళ తరవాత, టీచరు కోర్సు చదివేటప్పుడు పెద్ద పుస్తకంలో అదే విషయం చూశాను. అన్ రెండు రకాలు. గుణానికి ముందు వస్తే ఆ గుణం లేదని. పనికి ముందు వస్తే, చేసిన పనిని వెనక్కి తిప్పడమని. సంతోషం లేనివాడు ఒకటి, కట్టిన మూట విప్పడం ఇంకొకటి. ఇప్పుడు నేను మా పిల్లలకు అదే పాఠం చెప్తాను, లారీ ఉదాహరణతోనే చెప్తాను. మేడమ్ భలే చెప్తారని పిల్లలు అంటారు. ఆ ఉదాహరణ ఎవరిదో వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు.

నెల తిరిగేసరికి బాపు నలభై మాటలూ ఊపిరి తిప్పుకోకుండా అప్పచెప్పేవాడు. మధ్యలో ఏదైనా ఒకటి అడిగితే మాత్రం కళ్ళు మూసుకుని ఒకటి నుంచి అందుకునేవాడు. నేను ఆగేదాన్ని. మాకు తొందరేముంది? మా బడిలో పద్యాలైనా, ఎక్కాలైనా, సామాన్యశాస్త్రంలో జవాబులైనా మొదటి నుంచి చివరి దాకా అప్పచెప్పించుకునేవారు. అలా చెప్తే వచ్చినట్టు. పరీక్ష అంటే అంతేనని నాకు తెలుసు. ఇంకో రకంగా ఎవరైనా అడుగుతారని నా బుర్రకు తట్టలేదు. బాపుకు అసలు తట్టదు, ఆయనకు నేనే పెద్ద పంతులమ్మను.

పరీక్ష రోజు అమ్మ ఆయన పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కాకు ఇస్త్రీ చేయించింది. అవ్వ ఎదురు వచ్చింది. ఆటో ఎక్కే దాకా ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. నేను ఆ రోజు బడిలో ఏం విన్నానో నాకే తెలియదు. సాయంత్రం నేను వచ్చేసరికి బాపు చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు. చొక్కా మార్చలేదు. అమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుంది. నాకు అర్థమైపోయింది. అయినా అడిగాను.

“ఏమడిగిండ్రు బాపూ?”

“మన పుస్తకంల లేనివి అడిగిండ్రు బిడ్డా. అన్ని వేరే మాటలు. నువ్వు మంచిగనే నేర్పినవ్. నీ తప్పేం లేదు.”

ఆ మాట పట్టుకుని ఎన్నేళ్ళు బతికానో చూడండి. ఆ గోదాము మీద కోపం, ఆ సారు మీద కోపం, అన్ మాటలే అడుగుతారని చెప్పిన పెద్దమనిషి మీద ఇంకా కోపం. నాలుగో తరగతి చదివినవాణ్ణి కావాలనే పట్టికలో లేనివి అడిగి ఓడగొట్టారని ఏడ్చాను. ఆ పని బయట నుంచి వచ్చిన ఇంటర్ చదివిన అతనికి ఇచ్చారు. బాపు మళ్ళీ మూటల కిందికే పోయాడు. నేను ఊరుకున్నానా? మళ్ళీ ఎప్పుడైనా పెడితే పనికొస్తాయని కొత్త పట్టికలు రాశాను. రీ మాటలు, డిస్ మాటలు, మిస్ మాటలు. రీప్యాక్, మళ్ళీ కట్టుడు. డిస్‌మిస్, పనిలకెంచి తీసేసుడు. ఇంకో ఏడాది పాటు ఆయన ప్రతి సాయంత్రం నా కాళ్ళ కింద పడుకుని అవి కూడా ఎక్కంలాగే చెప్పాడు. వద్దు బిడ్డా, ఇక చాలు అని ఒక్కరోజు అనలేదు. గొంతులో మాత్రం మొదటి పట్టికప్పటి ఊపు లేదు. ఒళ్ళు నొప్పుల వల్ల అనుకున్నాను.

నేను పదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం గోదాములో ఆయన మూటతో పాటు కూలబడి మళ్ళీ నిటారుగా లేవలేదు. ఖాజా చాచానే ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చాడు. ఆ తరవాత తొక్కడం కాదు కదా, వీపు మీద చెయ్యి వేసినా ఓర్చుకునేవాడు కాదు. అమ్మ కోళ్ళఫారంలో గుడ్లు ఏరే పనికి పోయింది. మరుసటి ఏడు అవ్వ పోయింది. బాపు గడప దగ్గర కుర్చీలో ముందుకు వంగి కూర్చునేవాడు. రోడ్డు మీద పోయే లారీలను తల ఎత్తకుండా, చప్పుడును బట్టి నిండుదో ఖాళీదో చెప్పేవాడు. పోయేదాకా అలాగే కూర్చున్నాడు. నాకు ఉద్యోగం వచ్చింది, మందులు కొన్నాను, మంచి మంచం కొన్నాను. ఆయన ఒక్కసారి కూడా నిటారుగా నిలబడి నా ముఖం చూడలేదు, చూడలేకపోయాడు. మా బడిలో ఇప్పుడు పిల్లలు ఫోన్లో ఆట ఆడినట్టు మాటలు నేర్చుకుంటారు. మాట ఏ వరసలో వచ్చినా టక్కున వేలు పెడతారు. వాళ్ళను చూస్తే సంతోషం కలగాలి. నాకు ఒళ్ళు మండుతుంది.

ఖాజా చాచా పోయిన ఆదివారం చెప్పింది ఇదీ. పరీక్ష రోజు సారు గదిలో బాపుకు తోడుగా ఆయన కూడా పక్కన నిలబడి ఉన్నాడట.

“మీ బాపు ఎంత భోళా మనిషి బేటీ,” అన్నాడు చాచా. “సారు ఒక్కటే మాట అడిగిండు. అన్‌లోడ్ అంటే ఏందని.”

నాకు అర్థం కాలేదు. “ఏం అడిగిండ్రు?” అన్నాను.

“అన్‌లోడ్. రోజు మేం జేసేదే గద! పొద్దున లేస్తే గదే మాట. అన్‌లోడింగ్ ఉందా, అన్‌లోడింగ్ అయిందా. మీ బాపు కళ్ళు మూస్కున్నడు. ఒకటి అన్‌హ్యాపీ, రెండు అన్‌లక్కీ అని షురూ జేసిండు. సారు అన్నడు, అదొక్కటే చెప్పవయ్యా అని. ఆగిండు. మళ్ళ ఒకటి కాంచి షురూ. ఆడ కూసున్న గుమాస్త పోరడు కిసకిస నవ్వవట్టె. నేను మోచేతితోని పొడిచిన. కిటికీల కెల్లి బయట మనోళ్ళు లారీ దింపుతున్నరు, గటు చూడుమని సైగ జేసిన. కళ్ళు తెరిస్తే గద చూసేది! ఏడో ఎనిమిదో మాట దాంక పోయిండో లేదో, సారు బస్ అన్నడు.”

చాచా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నా ముఖం చూసి ఆగిపోయాడు.

“నీకు చెప్పలేదా బేటీ?” అన్నాడు. “బయటికొచ్చినంక నాతోని చేతిల చెయ్యి ఏయించుకున్నడు. పిల్లకు తెల్వనియ్యకు ఖాజా, మస్తు కష్టపడి నేర్పిందన్నడు. గప్పుడంటే గప్పుడు. ఇన్నేండ్లయినంక ఎప్పుడన్న చెప్పే ఉంటడనుకున్న.”

చెప్పలేదు. మన పుస్తకంలో లేనివి అడిగారని చెప్పి, ఆ అబద్ధం నిలబెట్టడానికి ఇంకో ఏడాది రీ మాటలూ డిస్ మాటలూ నేర్చుకున్నాడు. నా చేతిరాత నాకు తెలుసు, ఆ వరసా తెలుసు. అన్‌లోడ్ మా పట్టికలో ఇరవై మూడోది. ఇరవై మూడు దాకా రావడానికి ఆయనకు నిమిషం కూడా పట్టేది కాదు. ఆ నిమిషం ఎవరూ ఇవ్వలేదని సారును తిట్టుకోవచ్చు. తిట్టుకుని చూశాను కూడా, కుదరలేదు. ఆ మాట నేను బడికి పోకముందు నుంచీ మా బాపు నోట్లో ఉంది. అన్‌లోడింగ్ ఉందంటే తొందరగా పోయేవాడు, అన్‌లోడింగ్ అయిపోయిందంటే ఇంటికి వచ్చేవాడు. దాన్ని ఆయన దగ్గర నుంచి తీసుకుని, నెంబరు వేసి, ముందు ఇరవై రెండు మాటలు అడ్డం పెట్టి తిరిగి ఆయనకే నేర్పింది నేను. నేను ఏమీ నేర్పకుండా ఊరికే ఉండి ఉంటే, ఆ రోజు మా బాపు చెప్పేవాడు.